గీజర్ మీద 2000 వాట్లు, లెక్కకు 1224 వస్తోంది. కాయిల్ పోయినట్టేనా?

సందేహాలరావు
మా ఇంట్లో 15 లీటర్ల గీజర్ ఉంది. కొని నాలుగేళ్లయింది. ఇదివరకు స్విచ్ వేసి కాఫీ తాగొచ్చేసరికి నీళ్లు కాగేవి. పదహారు, పదిహేడు నిమిషాలు, అంతే. ఈ మధ్య సాయంత్రం వేస్తే ఇరవై ఐదు నిమిషాలు దాటినా ఎర్ర లైటు ఆరడం లేదు. మెకానిక్‌ను పిలిస్తే వైరును నోట కరిచి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించి చూశాడు. 6.8 ఆంపియర్లు. "2000 వాట్ల గీజరు 8.7 లాగాలి సార్, కాయిల్ వీకైపోయింది, మార్చాల్సిందే, 1400 అవుతుంది" అన్నాడు. రేపు చెబుతానని పంపేశాను.

అతను వెళ్లాక నా మల్టీమీటరుతో, గీజర్ నడుస్తుండగానే అదే బోర్డులోని పక్క సాకెట్లో చూశాను. 180 వోల్టులు. 180ని 6.8తో గుణిస్తే 1224. డబ్బా మీద 2000 అని ఉంది. మిగతా 776 వాట్లు ఎవరు తిన్నారు? కాయిల్ నిజంగానే పోయిందా? నేను చదివింది బీకాం. డెబిట్, క్రెడిట్ భాషలో చెప్పినా పర్లేదు.

ఫ్యూజుపోయింది
776 వాట్లు మెకానిక్ జేబులోకి వెళ్లబోతున్నాయి.

కరెంటోడు
కాయిల్ నిక్షేపంలా ఉంది. 1400 దాచుకోండి.

గీజర్ మీద 2000 వాట్లు అన్నదాని పక్కనే చిన్న అక్షరాల్లో 230 వోల్టులు అని ఉంటుంది. రెండూ కలిపి చదవాలి. 230 ఇస్తేనే 2000. కాయిల్‌కు పుట్టుకతో వచ్చేది వాట్లు కాదు, రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం. దాన్ని పట్టుకోవాలంటే 230ని 230తోనే గుణించి 2000తో భాగించండి. 26.45 ఓమ్‌లు. ఇది కంపెనీ చెప్పిన లెక్క. ఇక మీ ఇంటి లెక్క: 180ని 6.8తో భాగించండి. 26.47. రెండూ ఒకటేగా! కాయిల్ పాడై ఉంటే ఈ అంకె మారిపోవాలి. మారలేదు. మీకు తక్కువ వస్తున్నది వోల్టేజీ.

వాట్లు ఎందుకు అంతలా పడ్డాయంటే, వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా అదే పాళ్లలో తగ్గుతుంది. పవర్ అంటే ఆ రెండింటి లబ్ధం కాబట్టి దెబ్బ రెండుసార్లు పడుతుంది. 180 అంటే 230లో 78 శాతం. 78 శాతంలో 78 శాతం ఎంతో చూడండి, 61. 2000లో 61 శాతం మీ 1224కి దగ్గరే. ఎవరూ తినలేదు, అసలు మీ ఇంటికి రానే లేదు.

సందేహాలరావు
అంటే వోల్టేజీ 22 శాతం తగ్గితే వేడి 39 శాతం తగ్గిందా! చక్రవడ్డీని తిరగేసినట్టుంది. ఇప్పుడు అర్థమైంది.

బోరుబావి
నేను ఒప్పుకోను. మాది జగిత్యాల దగ్గర పల్లె. పదిహేనేళ్లుగా 5 హెచ్‌పీ మోటారు నడుపుతున్నా. వోల్టేజీ పడిపోతే కరెంటు పెరుగుతది, తగ్గదు. ఇది పుస్తకంలో చదివింది కాదు, స్టార్టర్ డబ్బా మీదున్న మీటర్‌లో రోజూ చూసేది. 415 ఉంటే ఏడున్నర ఆంపియర్లు. 340కి పడితే తొమ్మిదిన్నర. అట్లనే రెండుసార్లు వైండింగ్ కాలింది. ఆ లెక్కన గీజర్ 2000 వాట్లదైతే, 2000ని 180తో భాగిస్తే 11.1 ఆంపియర్లు రావాలె. 6.8 వచ్చిందంటే కాయిల్ పోయినట్టే. మెకానిక్ చెప్పింది కరెక్ట్.

కరెంటోడు
మోటారు వేరు, హీటరు వేరు అన్నా.

బోరుబావి
కరెంటు కరెంటే కదా, వేరేమిటి?

ఫ్యూజుపోయింది
ఇంకో పది పోస్టుల్లో ఎవరికో ఒకరికి షాక్ కొట్టడం ఖాయం. పాప్‌కార్న్ తెచ్చుకుంటా. అదీ 1000 వాట్ల మెషిన్‌లోనే చేయాలి.

పదోక్లాసు అమ్మ
మా వాడికి ఎల్లుండే ఫిజిక్స్ పరీక్ష. బోరుబావి గారి ప్రశ్న మా వాడిదీనూ. ఒక చోట పవర్ అంటే "వి స్క్వేర్ బై ఆర్" అని ఉంది, వి అంటే వోల్టేజీ, ఆర్ అంటే రెసిస్టెన్స్. దాని ప్రకారం రెసిస్టెన్స్ పెరిగితే పవర్ తగ్గాలి. ఇంకో చోట "ఐ స్క్వేర్ ఆర్" అని ఉంది, ఐ అంటే కరెంటు. దాని ప్రకారం రెసిస్టెన్స్ పెరిగితే పవర్ పెరగాలి. ఏది నిజం? మా వాడు రెండూ రాసి మార్కులు టీచరుకే వదిలేస్తానంటున్నాడు.

వైండింగ్ బాబాయ్
బోరుబావి, కరెంటోడు ఇద్దరూ చూసింది చూసినట్టే చెప్పారు. పోట్లాట అక్కర్లేదు. ముప్పై ఏళ్లు మోటార్లు చుట్టినవాణ్ణి కాబట్టి నేను చెబుతా.

గీజర్ కాయిల్‌కు పట్టుదల లేదు. ఎంత వోల్టేజీ ఇస్తే అంతే తీసుకుంటుంది, అంతే వేడి ఇస్తుంది. 180 ఇచ్చావా, సరే అంటుంది. నీళ్లు లేటుగా కాగుతాయి, అంతకు మించి దానికేం కాదు. మోటారు అలా కాదు. దాని మీద నీటి బరువు ఉంది. బోరులోంచి ఆ నీళ్లు పైకి లాగి తీరాలి. వోల్టేజీ తగ్గినా అది తిరిగే వేగం పెద్దగా తగ్గదు, లాగే బరువూ తగ్గదు. చేయాల్సిన పని అంతే ఉండి వోల్టేజీ తగ్గింది కాబట్టి, ఆ లోటు కరెంటుతో పూడ్చుకుంటుంది. అందుకే ఏడున్నర తొమ్మిదిన్నర అవుతుంది. పదోక్లాసు అమ్మగారు అడిగిన "ఐ స్క్వేర్ ఆర్" అప్పుడు పని చేస్తుంది. వైండింగ్ తీగ రెసిస్టెన్స్ దాదాపు అదే. కరెంటు మాత్రం 1.27 రెట్లయింది. దాన్ని దానితోనే గుణిస్తే 1.6. అంటే తీగలో పుట్టే వేడి 60 శాతం ఎక్కువ. వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ కూడా ఇంకాస్త పెరుగుతుంది. ఆ పైన వార్నిష్ మాడుతుంది, వాసన వస్తుంది, మోటారు నా షాపుకి వస్తుంది.

ఒక్క మాటలో అడగాలంటే ఇలా అడగండి: ఈ వస్తువులో మారకుండా ఉండేదేమిటి? హీటరుకైతే రెసిస్టెన్స్. మోటారుకైతే అది చేసే పని. మారనిదేదో తెలిస్తే ఏ సూత్రం వాడాలో దానంతట అదే తెలుస్తుంది.

పదోక్లాసు అమ్మ
బాబాయ్ గారూ, అయితే మా వాడి రెండు సూత్రాలూ నిజమేనా?

వైండింగ్ బాబాయ్
నిజమేనమ్మా. ఇంట్లో అన్ని వస్తువులకూ ఒకే వోల్టేజీ అందుతుంది, అవన్నీ పక్కపక్కన తగిలించినవి. అక్కడ "వి స్క్వేర్ బై ఆర్" వాడితే తేలిక. ఆర్ తక్కువున్నదే ఎక్కువ వేడెక్కుతుంది. ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి ఉన్నవాటికి కరెంటు ఒకటే. అక్కడ "ఐ స్క్వేర్ ఆర్". ఆర్ ఎక్కువున్న చోటే వేడి ఎక్కువ. సూత్రాలు పోట్లాడుకోవడం లేదు. ఒకదానిలో వోల్టేజీని, ఇంకోదానిలో కరెంటును మారనివ్వకుండా పట్టుకున్నాం, అంతే.

బోరుబావి
సరే బాబాయ్. మారనిదేదో చూడాలె. ఇది గుర్తుంటది. గీజర్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మోటారు విషయంలో తీసుకోను.

వైండింగ్ బాబాయ్
మోటారు విషయంలో తీసుకోవద్దు. నువ్వు తీసుకుంటే నా షాపు మూతపడుతుంది.

డాలస్ దోసె
దీని మీద మా ఇంట్లో రెండు కథలున్నాయి. ఒకటి కామెడీ, ఇంకోటి కాదు.

మొదటిది: చదువుకోడానికి వచ్చిన కొత్తలో అమ్మ సూట్‌కేసులో 1500 వాట్ల హీటర్ రాడ్ పెట్టింది. ఒకరోజు అపార్ట్‌మెంటులో వేడినీళ్లు రాకపోతే బకెట్లో వేశా. ఇక్కడ 120 వోల్టులే. అరగంటైనా నీళ్లు గోరువెచ్చగా కూడా కాలేదు. రాడ్ పాడైందనుకుని అమ్మ మీద ఫోన్లో అరిచా. కరెంటోడు గారి పద్ధతిలో ఇప్పుడు వేసి చూస్తే రాడ్ రెసిస్టెన్స్ 35.3 ఓమ్‌లు. 120 వోల్టులకు 408 వాట్లు. వోల్టేజీ దాదాపు సగం, వేడి పావు వంతు కంటే కాస్త ఎక్కువ. ఇరవై లీటర్ల బకెట్టు కాగాలంటే గంటన్నర పట్టేది. అమ్మకు ఇప్పుడు సారీ చెప్పాలి.

రెండోది దీనికి తిరగబడిన కథ. ఇక్కడ కొన్న 500 వాట్ల రైస్ కుక్కర్‌ను అత్తయ్య విజయవాడ తీసుకెళ్లి, పిన్ను మార్చే అడాప్టర్ పెట్టి నేరుగా గుచ్చింది. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. 120కి 500 వాట్లంటే 28.8 ఓమ్‌లు. 230 ఇస్తే 8 ఆంపియర్లు, 1837 వాట్లు. బియ్యం ఉడకకముందే కుక్కర్ అడుగు మాడి పొగలొచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు.

ఫ్యూజుపోయింది
500కి 1837. అత్తయ్యగారు అన్నం వండలేదు, ఇటుకలు కాల్చారు.

ఓమ్‌కారం
ఓమ్ పేరు ఇన్నిసార్లు వస్తున్నా ఆ మనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు. గియోర్గ్ సైమన్ ఓమ్, జర్మనీలో బడిపంతులు. వోల్టేజీకీ కరెంటుకీ ఉన్న ఈ సంబంధాన్ని 1827లో పుస్తకంగా వేస్తే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కాప్లీ పతకం ఇచ్చాకే పేరొచ్చింది. మనం రోజూ పలికే "ఓం"కూ ఆయనకూ చుట్టరికం లేదు. మా అమ్మ మాత్రం ఉందనే అంటుంది.

సందేహాలరావు
ఇవాళ ఆదివారం కాబట్టి ఇంకో పని చేశా. మెయిన్ ఆపేసి, గీజర్ ప్లగ్ పూర్తిగా పీకి, ఆ ప్లగ్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి చూశా. 26.0 వచ్చింది. లెక్కకు 26.47 వచ్చింది కదా, ఆ అర ఓమ్ తేడా ఏమిటి?

కరెంటోడు
చల్లగా ఉన్నప్పుడు కొలిచారు, అంతే. గీజర్ కాయిల్‌లో ఉండేది నిక్రోమ్, అంటే నికెల్, క్రోమియం కలిపిన లోహం. వేడెక్కితే దాని రెసిస్టెన్స్ ఏ రెండు మూడు శాతమో పెరుగుతుంది. అందుకే హీటర్లలో అదే వాడతారు. మీటర్ లోపల ఉండే చిన్న తేడాలు కూడా ఉంటాయి. రెండు రకాలుగా కొలిచినా 26 దగ్గరే తేలింది కాబట్టి కాయిల్ కేసు కొట్టేసినట్టే.

పనిలో పనిగా ప్లగ్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య కూడా చూడండి. అక్కడ అసలేమీ చూపించకూడదు.

ఎల్ఈడీ లచ్చిమి
ఆగండాగండి. ఈ చల్లటి కొలత నన్ను ఒకసారి పిచ్చిదాన్ని చేసింది. మా స్టోర్ రూములో పాత 100 వాట్ల పసుపు బల్బు దొరికితే మీటర్ పెట్టా. 40 ఓమ్‌లు. కరెంటోడు గారి సూత్రం వేస్తే 230 ఇంటూ 230 బై 40, అంటే 1322 వాట్లు! బల్బులో గీజర్ దాక్కుందా?

కరెంటోడు
హహ. బల్బులో ఉండేది టంగ్‌స్టన్. వెలిగితే దాదాపు 2500 డిగ్రీలకు వెళ్తుంది, అప్పుడు దాని రెసిస్టెన్స్ పన్నెండు, పదమూడు రెట్లవుతుంది. 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓమ్‌లు. మీరు కొలిచింది నిద్రపోతున్న బల్బును. స్విచ్ వేసిన ఆ ఒక్క క్షణం అది నిజంగానే 40 ఓమ్‌లది, బోలెడు కరెంటు లాగుతుంది. బల్బులు సరిగ్గా స్విచ్ వేసినప్పుడే టప్‌మని పోయేది అందుకే.

కాబట్టి చల్లటి రెసిస్టెన్స్‌తో వాట్లు కట్టడం నిక్రోమ్‌కు చెల్లుతుంది, బల్బుకు చెల్లదు. వెలుగుతుండగా వోల్టేజీ, కరెంటు కొలిచి భాగించుకుంటే ఏ బాధా లేదు.

ఎల్ఈడీ లచ్చిమి
నిద్రపోతున్న బల్బు. నా స్టేటస్‌లో పెట్టుకుంటున్నా.

కొత్తమీటరు
ఈ చర్చ చూసి ఆవేశంగా 900 పెట్టి క్లాంప్ మీటరు కొన్నా. ఇస్త్రీపెట్టె వైరుకు తగిలించా. 0.00. ఫ్రిజ్ వైరుకు, 0.00. టీవీకీ అంతే. వాపసు పంపాలా?

ఫ్యూజుపోయింది
మీ ఇంట్లో కరెంటు ఫ్రీ అన్నమాట.

వైండింగ్ బాబాయ్
వాపసు పంపకు నాయనా, మీటరు బాగానే ఉంది. ఇస్త్రీపెట్టె వైరు మొత్తాన్ని నోట్లో పెట్టావు. అందులో ఫేజ్, న్యూట్రల్ రెండూ ఉన్నాయి. ఒకదాంట్లో ఎంత వెళ్తుందో ఇంకోదాంట్లో అంతే తిరిగొస్తుంది. రెండూ కలిస్తే సున్నా. క్లాంప్‌లోకి ఒక్క వైరే వెళ్లాలి. అలాగని ఇస్త్రీపెట్టె వైరును బ్లేడుతో చీల్చకు. ఫేజ్, న్యూట్రల్ విడివిడిగా బయటికి తీసిన చిన్న ఎక్స్‌టెన్షన్ ఒకటి కట్టించుకో.

సున్నా రాకుండా కాస్త చూపిస్తే మాత్రం జాగ్రత్త పడాలి. వెళ్లిందంతా తిరిగి రాలేదంటే ఎక్కడో లీకవుతోందన్నమాట. ఆర్‌సీసీబీ అని లీకైతే కరెంటు ఆపేసే స్విచ్ ఉంటుంది, అది పనిచేసేది ఈ తేడా మీదే. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కొట్టేస్తుంది.

కొత్తమీటరు
వచ్చింది! ఇస్త్రీపెట్టె 3.1 ఆంపియర్లు. ఇంక ఇంట్లో ఏదీ వదలను. ట్యూబ్‌లైటు 0.43. 230తో గుణిస్తే 99 వాట్లు. కానీ ట్యూబు మీద 40 అని ఉందేంటి?

కరెంటోడు
పాత చోక్ ఉన్న ట్యూబా? అయితే వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేది వాట్లు కాదు, వోల్ట్-ఆంపియర్లు. చోక్ అనేది రాగి తీగ చుట్ట. దాని వల్ల కరెంటు వోల్టేజీ కంటే వెనకపడి నడుస్తుంది. రెండూ జతగా నడవవు కాబట్టి లబ్ధంలో సగమే అసలు పని. పవర్ ఫ్యాక్టర్ అంటే అదే, ఇక్కడ 0.53 దగ్గర ఉంటుంది. ట్యూబ్ 40, చోక్ తినేది ఓ 12, కలిపి 52 వాట్లు. గీజర్, ఇస్త్రీపెట్టె, రాడ్ లాంటివాటికి పవర్ ఫ్యాక్టర్ 1, అందుకే అక్కడ ఈ గొడవ రాలేదు.

బోరుబావి అన్నకు: మీ మూడు ఫేజుల మోటారుకైతే వోల్టేజీ ఇంటూ కరెంటు ఇంటూ 1.73 ఇంటూ పవర్ ఫ్యాక్టర్. 415, 7.5, 0.8 వేస్తే 4300 వాట్లు. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లే కదా అనకండి. అది షాఫ్ట్ మీద వచ్చేది. మిగతాది మోటారు లోపలే వేడిగా పోయేది.

గోదారి గట్టు
అందరూ లో వోల్టేజీ అని తీర్పు చెప్పేసి ఊళ్లు తిరుగుతున్నారు. సందేహాలరావు గారిని ఒక్కరూ అడగలేదు: ఆ 180 ఎక్కడి 180? బాత్రూము సాకెట్లోదా, మెయిన్ బోర్డులోదా? గీజర్ ఆపితే ఎంత ఉంది?

సందేహాలరావు
బాత్రూము సాకెట్లోది. ఆపితే 195.

గోదారి గట్టు
అంటే గీజర్ వేయగానే 15 వోల్టులు పడిపోతోంది. కాస్త ఎక్కువే. సాయంత్రం అదే టైముకి గీజర్ వేసి మెయిన్ బోర్డు దగ్గరున్న సాకెట్లో చూడండి. మీటరు నుంచి బాత్రూముకి వైరు పొడవెంత, మందమెంత?

పదోక్లాసు అమ్మ
మా వాడు చదవడం ఆపి ఈ చర్చ చదువుతున్నాడు. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియడం లేదు.

సందేహాలరావు
చూశా. గీజర్ ఆపి ఉంటే బోర్డు దగ్గరా 195, బాత్రూములోనూ 195. గీజర్ వేస్తే బోర్డు దగ్గర 190, బాత్రూములో 180. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం రాగిది. ఇల్లు కట్టిన ఎలక్ట్రీషియన్ బిల్లు దాచాను, బీకాం కదా. పొడవు సుమారు 18 మీటర్లు.

గోదారి గట్టు
అనుకున్నా. లెక్క చూడండి.

బోర్డు దాకా పడిన 5 వోల్టులు స్తంభం నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే దారిది. లైను చివర ఇళ్లకు ఇది మామూలే. బోర్డు నుంచి బాత్రూముకి పడిన 10 వోల్టులు మాత్రం మీ సొంత ఇంట్లోవి. 10ని 6.8తో భాగిస్తే 1.47 ఓమ్‌లు. ఆ వైరుకు ఎంత ఉండాలి? 2.5 రాగి వైరు కిలోమీటరుకు 7 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. పోయేది 18, వచ్చేది 18, మొత్తం 36 మీటర్లు. పావు ఓమ్. దానికి పడాల్సింది 1.7 వోల్టులే. మిగతా 8.3 వోల్టులు ఏదో ఒక జాయింటు దగ్గర ఆగిపోతున్నాయి.

8.3ని 6.8తో గుణించండి. 56 వాట్లు. ఎలక్ట్రానిక్స్ వాళ్లు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటివి రెండు మీ గోడలో, బఠాణీ గింజంత చోట, రోజూ ఇరవై ఐదు నిమిషాలు మండుతున్నాయి.

గీజర్ వేయడం ఆపండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ లైనులోని ప్రతి జంక్షన్ బాక్సూ, సాకెట్ వెనక స్క్రూలూ చూపించండి. మీరు స్వయంగా తెరవకండి.

ఫ్యూజుపోయింది
ఈసారి జోకు రావడం లేదు. రావు గారూ, నిజంగానే ఆపేయండి.

కొత్తమీటరు
అంత వేడెక్కుతుంటే ఎంసీబీ, అదే కరెంటు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్, ఎందుకు పడిపోలేదు?

గోదారి గట్టు
ఎంసీబీకి కళ్లు లేవు, ముక్కూ లేదు. దానికి తెలిసింది కరెంటు ఎంత వెళ్తోందన్నదే. లూజ్ జాయింటు వల్ల రెసిస్టెన్స్ పెరిగి కరెంటు తగ్గింది. 16 ఆంపియర్ల ఎంసీబీకి 6.8 అంటే అంతా ప్రశాంతం. ఆర్‌సీసీబీ కూడా పట్టదు, ఎందుకంటే వెళ్లిందంతా తిరిగొస్తోంది. ఇలాంటిది పట్టుబడేది వాసన వల్ల, లేకపోతే ఇలా వోల్టేజీ కొలిస్తే.

కరెంటోడు
గోదారి గారూ, దండం. 26.47 రాగానే కాయిల్ బాగుందని సంబరపడి లెక్క అక్కడితో ఆపేశా. ఆ 180 ఎక్కడిదని అడగాల్సింది నేనే.

బోరుబావి
మా స్టార్టర్ కాంటాక్టులు నల్లబడితే కూడా ఇదే లెక్కనా?

వైండింగ్ బాబాయ్
ఇదే లెక్క. అక్కడ ఇంకో గొడవ. మూడింట్లో ఒక్క కాంటాక్టే నల్లబడితే ఒక ఫేజులో వోల్టేజీ తగ్గి, మిగతా రెండు ఫేజుల మీద భారం పడుతుంది. ఈ వారమే చూపించుకో.

సందేహాలరావు
ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్లాడు. బాత్రూము తలుపు పైన గోడలో, రంగు వేసి కప్పేసిన జంక్షన్ బాక్సు ఉంది. అది తెరవగానే ఇల్లంతా మాడు వాసన. న్యూట్రల్ వైర్లు రెండూ మెలేసి టేపు చుట్టిన జాయింటు. టేపు పెళుసైపోయి చేతికి పొడిగా రాలింది. వైరు తొడుగు నాలుగంగుళాల మేర బొగ్గయింది. పక్కనే ఫేజ్ వైరు తొడుగు కరగడం మొదలైంది. చూసి మా ఆవిడ అక్కడే కూలబడింది.

కాలిన వైరు కత్తిరించి, కొత్త ముక్క వేసి, స్క్రూ కనెక్టరుతో బిగించాడు. వైరుతో కలిపి 450 తీసుకున్నాడు. సాయంత్రం మళ్లీ కొలిచా: బోర్డు దగ్గర 190కి ఓ పిసరు తక్కువ, బాత్రూములో 188, కరెంటు 7.1. అంటే 1335 వాట్లు. నీళ్లు కాగడానికి ఇరవై ఐదున్నర నిమిషాలు పట్టేది ఇరవై మూడున్నర అయింది. ఇంత చేసి రెండు నిమిషాలేనా అని ఒక క్షణం అనిపించింది, అబద్ధం చెప్పను.

గోదారి గట్టు
ఆ రెండు నిమిషాలూ కాదు లెండి మీకు మిగిలింది.

సాయంత్రం 195 మాత్రమే రావడమనే సమస్య ఇంకా అలాగే ఉంది. అది లైనుది. మీరు రాసుకున్న అంకెలు తేదీ, టైముతో సహా కాగితం మీద పెట్టి ఫిర్యాదు ఇవ్వండి. "లైటు డిమ్‌గా ఉంది" అంటే ఎవరూ కదలరు. "గీజర్ ఆపి ఉండగా సాయంత్రం ఏడు గంటలకు 195 వోల్టులు" అంటే వచ్చి చూస్తారు.

ఎల్ఈడీ లచ్చిమి
ఒక సందేహం. తక్కువ వోల్టేజీలో ఎక్కువసేపు నడిస్తే బిల్లు ఎక్కువ వస్తుందా?

కరెంటోడు
రాదు. 15 లీటర్లు 25 నుంచి 55 డిగ్రీలకు కాగాలంటే అర యూనిట్ కంటే కొంచెం ఎక్కువ కావాలి, 0.52. దాన్ని 2000 వాట్లతో పదహారు నిమిషాల్లో ఇచ్చినా, 1224తో ఇరవై ఐదున్నరలో ఇచ్చినా మీటరుకు ఒకటే. ఈలోగా డబ్బా చుట్టూ పోయే వేడి కొంచెం ఉంటుంది, అంతే. రావు గారి జాయింటు తిన్నది కూడా రోజుకొకసారి లెక్కన నలభై రోజులకు ఒక యూనిట్. బిల్లు చూసి దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

క్లాంప్ మీటరు లేనివాళ్లకు ఒక చిట్కా: మీ కరెంటు మీటరు మీద ఎర్ర లైటు మిణుకుమంటుంది కదా, పక్కన 3200 ఇంప్ అని ఉంటే యూనిట్‌కు 3200 మిణుకులని. మిగతావన్నీ ఆపి గీజరొక్కటే వేసి నిమిషానికి ఎన్నో లెక్కపెట్టండి. 60తో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు. రావు గారి 1224కైతే నిమిషానికి 65 దగ్గర వస్తాయి.

పదోక్లాసు అమ్మ
పరీక్ష అయింది. "ఒకే వోల్టేజీకి కలిపిన రెండు బల్బుల్లో దేని నిరోధం ఎక్కువ?" అని వచ్చిందట. మా వాడు సమాధానం రాసి కింద "బల్బు వెలుగుతున్నప్పుడు మాత్రమే" అని కూడా రాశాడట. లచ్చిమి గారూ, మార్కు పోతే మీదే బాధ్యత.

సందేహాలరావు
పాత మెకానిక్ ఫోన్ చేశాడు. "కాయిల్ తెచ్చాను సార్, రానా?" అని. 26.47 అన్నాను. "అది ఎవరి నంబరు సార్?" అన్నాడు.

కొత్తమీటరు
ఇక్కడ మా ఇంటి సంగతి చూడండి. హాల్లో ఇస్త్రీపెట్టె వేస్తే అక్కడ 222 నుంచి 208కి పడుతోంది. మీటరు బోర్డు దగ్గర మాత్రం 221. కరెంటు 2.9. అంటే 13 వోల్టులు ఇంట్లోనే, 38 వాట్లు. ఆ సాకెట్ ప్లేటు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

గోదారి గట్టు
చెయ్యి తీయండి. మెయిన్ ఆపండి. ఆ తర్వాత రాయండి.

కొత్తమీటరు
ఆపేశా. ఫోన్ డేటా మీద రాస్తున్నా. ఎలక్ట్రీషియన్ పొద్దున్నే వస్తానన్నాడు.